టూటీ ఆయిల్ ఎంపిక: డబ్బా మీది అక్షరాలు చెప్పేది, చెప్పనిది

టూ-స్ట్రోక్ ఇంజిన్ పట్టేసిందంటే, అంటే పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుని ఆగిపోయిందంటే, మొదటి నింద టూటీ ఆయిల్ (పెట్రోలుతో పాటే కాలిపోయే టూ-స్ట్రోక్ నూనె) మీదికే పోతుంది. ఆ బ్రాండు మంచిది కాదనో, కల్తీదనో, ఇంకాస్త ఎక్కువ కలిపి ఉంటే బతికేదనో తలా ఒక మాట అంటారు. ఇంజిన్ విప్పి చూస్తే కథ చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఇంజిన్‌కు సరిపోయే నూనే పోసినా, అది ఫలానా కంపెనీది కానందుకు చచ్చిపోయిన ఇంజిన్లు తక్కువ. కొలత తప్పడం వల్ల, పెట్రోలు పాతబడడం వల్ల, అందులో నీళ్లు చేరడం వల్ల, ఎక్కడో సీలు దగ్గర గాలి లాగడం వల్ల పోయినవే ఎక్కువ. అయినా వాదనలన్నీ బ్రాండు చుట్టూనే తిరుగుతాయి. బ్రాండు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అసలు విషయం డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి కావచ్చు.

నూనె వెళ్లే దారి

ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో నూనె అడుగున నిలవ ఉంటుంది. పంపు దాన్ని పైకి తోస్తుంది. అది పని చూసుకుని కిందికి జారుతుంది, ఫిల్టర్ గుండా పోయి మళ్లీ పైకి వెళ్తుంది. నెలల తరబడి అదే నూనె తిరుగుతూ ఉంటుంది. మామూలు టూ-స్ట్రోక్‌లో ఆ ఏర్పాటే లేదు. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ డే రూపొందించిన పద్ధతిలో క్రాంక్‌కేసే (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది) పంపుగా పనిచేస్తుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు గాలీ పెట్రోలూ కలిసి కిందికి, అంటే క్రాంక్‌కేసులోకి వస్తాయి. పిస్టన్ దిగినప్పుడు అవే పక్క దారుల గుండా సిలిండర్‌లోకి ఎక్కుతాయి. పెట్రోలు పారే దారిలో నూనెను నిలవ ఉంచడం కుదరదు. అందుకే దాన్ని పెట్రోలుతోనే పంపుతారు, లేదా చిన్న పంపుతో కొద్దికొద్దిగా దారిలో చల్లుతారు.

లోపలికి వెళ్లాక పెట్రోలు ఆవిరవుతుంది, నూనె అవ్వదు. సన్నని తుంపరగా క్రాంక్ బేరింగుల మీద, కనెక్టింగ్ రాడ్ మీద, సిలిండర్ గోడ మీద పడుతుంది. అక్కడ కాసేపు నిలిచి మెల్లగా పైకి జరుగుతూ చివరికి మంటలో పడుతుంది. కొంత కాలుతుంది, కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి పోతుంది. ఒకసారి వెళ్లిన చుక్క మళ్లీ రాదు.

కాబట్టి ఈ నూనెకు రెండు ఉద్యోగాలు. బతికున్నంతసేపూ లోహానికీ లోహానికీ మధ్య పొరగా నిలబడాలి. పోయేటప్పుడు బూడిద, జిగురు, మసి మిగల్చకుండా పోవాలి. మొదటి పని చాలా నూనెలు చేస్తాయి. ఏది మంచిదో తేలేది రెండో పనిలో.

కారు ఇంజిన్ ఆయిల్ ఇక్కడ ఎందుకు పనికిరాదో ఇందులోనే ఉంది. ఆ నూనె ఎన్నో నెలలు బతకాలి కాబట్టి ఆమ్లాలను తట్టుకోవడానికి కాల్షియం లాంటి లోహాలతో చేసిన డిటర్జెంట్లు, అరుగుదల ఆపడానికి జింకు సమ్మేళనాలు, చిక్కదనం నిలబెట్టడానికి పాలిమర్లు గట్టిగా కలుపుతారు. అవి కాలితే బూడిద మిగులుతుంది. ఆ బూడిద పిస్టన్ తల మీద పేరుకుని ఎర్రగా కాలి, ప్లగ్ వెలిగించకముందే మంట అంటిస్తుంది. లేదా ప్లగ్ కొన మధ్య వంతెనలా కట్టుకుని నిప్పురవ్వను ఆపేస్తుంది. చేతిలో ఇంకేమీ లేనప్పుడు ఒక్క ట్యాంకు నడిపినంత మాత్రాన ఇంజిన్ పేలిపోదు గానీ, అలవాటు చేసుకుంటే బిల్లు తప్పదు.

ఆముదం సంగతి

కాలిపోయే నూనెల చరిత్రలో ఆముదానిది పెద్ద పీట. అందులోని రిసినోలిక్ ఆమ్లం లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మామూలు ఖనిజ నూనె పొర తెగిపోయే వేడిలో కూడా ఆముదం జారిపోకుండా నిలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ విమాన ఇంజిన్లు (అవి ఫోర్-స్ట్రోక్‌లే అయినా నూనెను తిరిగి వాడుకునేవి కావు) ఆముదం మీదే నడిచాయి. పెట్రోలు దాన్ని అంత తేలిగ్గా కడిగేయలేదు కాబట్టి. ఆ పొగ రోజంతా పీల్చిన పైలట్ల కడుపుల పరిస్థితి గురించి చెప్పుకునే కథలు ఊహించుకోవడం కష్టమేమీ కాదు. 1909లో ఒక బ్రిటిష్ కంపెనీ తన కొత్త నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టిందీ ఆముదం ఇంగ్లిషు పేరు నుంచే.

అంత మంచిదైతే ఇప్పుడు అందరూ ఎందుకు వాడడం లేదు? ఆముదం కాలేటప్పుడు వార్నిష్‌లాంటి జిగురు మిగులుస్తుంది. పిస్టన్ రింగులు వాటి గాడుల్లో అతుక్కుపోతాయి. చలిలో పెట్రోలు నుంచి విడిపోతుంది. ప్రతి రేసు తర్వాత ఇంజిన్ విప్పే కార్టింగ్ వాళ్లకు, చిన్న మోడల్ విమానాలు ఎగరేసే వాళ్లకు అది ఇప్పటికీ ఇష్టమే. ఏడాదికోసారి కూడా సైలెన్సర్ విప్పని యంత్రానికి పోస్తే ఇంజిన్ కూడా ఆముదం తాగిన మొహం పెడుతుంది. ఆముదం కలిసిన రేసింగ్ నూనెలను ఖనిజ నూనెలతో కలపడం, ఆయిల్ పంపు ఉన్న బండ్లలో పోయడం కూడా మంచిది కాదు. కొన్ని కలవవు, కొన్ని పంపు సన్నని గొట్టాల్లో గడ్డకడతాయి.

ఆముదం చేసే పనిని జిగురు లేకుండా చేయించడానికి వచ్చినవే ఈస్టర్ ఆధారిత సింథటిక్ నూనెలు. అవి కూడా లోహాన్ని పట్టుకుంటాయి, ఎక్కువ వేడి తట్టుకుంటాయి, శుభ్రంగా కాలతాయి. సెమీ-సింథటిక్ అనే మాట మాత్రం కాస్త సాగే మాట. ఖనిజ నూనెలో సింథటిక్ భాగం ఎంత ఉంటే ఆ పేరు పెట్టుకోవచ్చో డబ్బా చూసి తెలుసుకునే దారి లేదు.

జాసో, ఏపీఐ, టీసీ-డబ్ల్యూ3

డబ్బా మీద చదవాల్సిన మొదటి ముక్క జాసో గ్రేడు. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ ఇచ్చే ఈ గ్రేడులు 1994లో ఎఫ్‌ఏ, ఎఫ్‌బీ, ఎఫ్‌సీ అని మొదలయ్యాయి. ఎఫ్‌డీ తర్వాత చేరింది, ఎఫ్‌ఏ వాడుకలోంచి పోయింది. పరీక్షలు నాలుగు: జారుడు గుణం, లోపలి శుభ్రత, పొగ, సైలెన్సర్ పూడుకుపోవడం. మొదటి రెండూ ఒక చిన్న హోండా స్కూటర్ ఇంజిన్ మీద, మిగతా రెండూ ఒక సుజుకి జనరేటర్ ఇంజిన్ మీద చేస్తారు. ఒక ప్రామాణిక నూనెకు 100 మార్కులు అనుకుని, పరీక్షకు వచ్చిన నూనెకు దానితో పోల్చి మార్కులు వేస్తారు.

ఇక్కడ చాలామంది చూడని విషయం ఒకటుంది. జారుడు గుణంలో ఎఫ్‌బీకి కావాల్సిన కనీస మార్కులు 95. ఎఫ్‌సీకీ 95. ఎఫ్‌డీకీ 95 మాత్రమే. పొగ విషయంలో ఎఫ్‌బీకి 45 చాలు, ఎఫ్‌సీకి, ఎఫ్‌డీకి 85 కావాలి. సైలెన్సర్ పూడిక విషయంలోనూ ఎఫ్‌బీకి 45, మిగతా రెంటికీ 90. శుభ్రతలో ఎఫ్‌బీకి 85, ఎఫ్‌సీకి 95, ఎఫ్‌డీకి 125. ఎఫ్‌డీ శుభ్రత పరీక్షను ఎక్కువసేపు, మూడు గంటలు నడుపుతారు. అంటే పై గ్రేడు నూనె ఇంజిన్‌ను ఎక్కువ కాపాడుతుందన్న నమ్మకం, కనీసం పరీక్ష లెక్కన, సరైనది కాదు. పై గ్రేడు కొనిపెట్టేది తక్కువ పొగ, తక్కువ మసి, అతుక్కోని రింగులు.

ఇది చిన్న లాభమేమీ కాదు. టూ-స్ట్రోక్ ఇంజిన్ శ్వాస ఎగ్జాస్ట్ రంధ్రం మీదే ఆధారపడి ఉంటుంది. అక్కడ మసి కట్టిన కొద్దీ ఊపిరి తగ్గుతుంది, బలం తగ్గుతుంది. చెయిన్‌సా, బ్రష్ కట్టర్ లాంటి చేతి యంత్రాల సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపడానికి సన్నని జల్లెడ ఉంటుంది. కార్బురేటర్ పాడైందని రెండుసార్లు విప్పి బిగించాక, చివరికి ఆ జల్లెడ మసితో మూసుకుపోయిందని తేలిన సందర్భాలు కోకొల్లలు. పొగ తగ్గించడానికి కంపెనీలు వాడే ముఖ్యమైన సరుకు పాలీఐసోబ్యూటిలిన్. వేడికి అది విరిగిపోయి శుభ్రంగా కాలిపోతుంది, పాత చిక్కని ఖనిజ నూనెలా నీలిపొగ వదలదు.

యూరప్ తయారీదారులకు ఎఫ్‌సీ శుభ్రత సరిపోలేదు. వాళ్ల కోసం ఐఎస్ఓ కింద ఈజీబీ, ఈజీసీ, ఈజీడీ వచ్చాయి. డబ్బా మీద ఎఫ్‌డీ, ఈజీడీ రెండూ కనిపిస్తే ఆశ్చర్యం లేదు, అవి దగ్గరి బంధువులు. అమెరికా పెట్రోలియం సంస్థ గ్రేడు ఏపీఐ టీసీ వీటన్నిటికంటే పాతది. రింగులు అతుక్కోవడం, గీతలు పడడం, ముందే మంట అంటుకోవడం లాంటివి అది చూస్తుంది గానీ పొగ, సైలెన్సర్ పూడిక జోలికి పోదు. ఒక డబ్బా మీద ఏపీఐ టీసీ తప్ప మరేమీ లేకపోతే అది చెడ్డ నూనె అని కాదు, దాని గురించి తెలిసింది తక్కువ అని.

గందరగోళమంతా టీసీ-డబ్ల్యూ3 దగ్గర. ఇది అమెరికా పడవ తయారీదారుల సంఘం, ఎన్ఎంఎంఏ, ఇచ్చే గుర్తు. డబ్ల్యూ అంటే వాటర్ కూల్డ్. రేడియేటర్ ఉన్న బైకు కూడా వాటర్ కూల్డే కదా అని దీన్ని పోసేవాళ్లున్నారు. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు చెరువులోని చల్లటి నీటిని నేరుగా లాగి, సిలిండర్ చుట్టూ తిప్పి, మళ్లీ చెరువులోకే వదులుతుంది. రేడియేటర్ బైకులో ఇంజిన్ దానికంటే బాగా వేడిగా, ఎంతో వేగంగా తిరుగుతుంది. గాలితో చల్లబడే చెయిన్‌సా మరీ వేడి. చల్లగా, గంటల తరబడి ఒకే వేగంతో నడిచే ఇంజిన్‌కు బూడిద అసలు పనికిరాదు. అందుకని టీసీ-డబ్ల్యూ3 నూనెల్లో లోహపు డిటర్జెంట్లు ఉండవు, నత్రజని ఆధారిత రసాయనాలతో శుభ్రత సాధిస్తారు. గాలితో చల్లబడే ఇంజిన్‌కు కొద్దిపాటి లోహపు డిటర్జెంట్ మేలు చేస్తుంది. జాసో కూడా అందుకే కొద్దిగా బూడిదను ఒప్పుకుంటుంది, హద్దు 0.25 శాతం. పడవ నూనె పడవకు, చేతి యంత్రం నూనె చేతి యంత్రానికి. రెండు వైపులా మారిస్తే నష్టమే.

రంగు విషయం ఒక్క మాటలో: ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఏదైనా అది కేవలం రంగే. పెట్రోలులో నూనె కలిపారా లేదా అన్నది కంటికి కనిపించడానికి వేస్తారు. నాణ్యతతో సంబంధం లేదు.

ఎంత కలపాలి

50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 40:1కి 25, 25:1కి 40. వెయ్యిని నిష్పత్తితో భాగిస్తే చాలు. ఇంత తేలికైన లెక్క ఉన్నా సీసా మూతతో, కంటి అంచనాతో, 'ఒక గుక్కెడు' కొలతతో పోసేవాళ్లే ఎక్కువ. గీతలున్న చిన్న కొలపాత్రో, పెద్ద సిరంజో బ్రాండు మార్చడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పాత ఇంజిన్లకు 20:1, 25:1 అని ఎందుకు రాసేవాళ్లు? అప్పటి నూనెలు మామూలు ఖనిజ నూనెలు, చాలా ఇంజిన్లలో బేరింగుల బదులు కంచు బుష్‌లు ఉండేవి. వాటికి ఎక్కువ నూనె కావాలి. సూది బేరింగులు, మెరుగైన నూనెలు వచ్చాక 50:1 చాలింది. పాత యంత్రంలో కొత్త నూనె పోసినంత మాత్రాన బుష్‌లు సూది బేరింగులైపోవు కదా. పుస్తకంలో 25:1 అని ఉంటే, డబ్బా మీద 50:1 అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా పుస్తకం మాటే వినాలి. 100:1 సరిపోతుందని చెప్పే నూనెల విషయంలోనూ అంతే. యంత్రం తయారీదారు ఒప్పుకుంటే తప్ప ఆ సాహసం అనవసరం.

ఇక 'ఎక్కువైతే నష్టమేముంది' అనే వాదన. పొగ, మసి, తడిసే ప్లగ్ సంగతి అందరికీ తెలుసు. తెలియంది ఇంకొకటి. కార్బురేటర్ జెట్ (పెట్రోలు కొలతగా పోయే సన్నని రంధ్రం) గుండా పోయే ద్రవం పరిమాణం దాదాపు అంతే ఉంటుంది. అందులో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. 50:1 మిశ్రమంలో పెట్రోలు 98 శాతం, 25:1లో 96 శాతం చిల్లర. అంటే నూనె రెట్టింపు చేస్తే ఇంజిన్‌కు అందే పెట్రోలు సుమారు 2 శాతం తగ్గి మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుంది, మంట వేడెక్కుతుంది. ఈ 2 శాతం ఒక్కటే ఇంజిన్‌ను చంపదు. అప్పటికే అంచు మీద ఉన్న ఇంజిన్‌ను మాత్రం తోసేయగలదు. భయంతో నూనె పెంచేవాళ్లు అటువైపు చూడరు. తక్కువ కలపడం ఎక్కువ కలపడం కంటే ప్రమాదమన్నది నిజమే; కానీ ఎక్కువ కలపడం కూడా ఉచితం కాదు.

ఆయిల్ పంపు ఉన్న బండ్లలో ఈ లెక్కలన్నీ పంపే చూసుకుంటుంది. యమహా 1964లో ఆటోలూబ్ పేరుతో తెచ్చిన ఏర్పాటు దీనికి పేరు తెచ్చింది. యాక్సిలరేటర్ తగ్గిస్తే నూనె తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. ఐడ్లింగ్‌లో పొగ తగ్గడానికి ఇదే కారణం. దీని బలహీనత వేరే చోట ఉంది. గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుంటే, కేబుల్ సర్దుబాటు జారితే, ట్యాంకులో నూనె అయిపోతే, ఇంజిన్ ఏమీ చెప్పదు. బాగానే పరిగెడుతుంది, పట్టేసే క్షణం దాకా. పంపును విప్పి మళ్లీ బిగించాక గాలి పూర్తిగా తీసేదాకా పెట్రోలులో కూడా కాస్త నూనె కలిపి నడపడం పాత మెకానిక్‌ల అలవాటు. మంచి అలవాటు.

కలిపేటప్పుడు యంత్రం ట్యాంకులోనే కలపకూడదు. వేరే క్యానులో సగం పెట్రోలు పోసి, నూనె మొత్తం వేసి బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదపాలి. నూనెలో తేలిగ్గా కలవడానికి కిరోసిన్ లాంటి ద్రావకం ముందే ఉంటుంది కాబట్టి ఒకసారి కలిశాక మళ్లీ అడుగుకు దిగదు. గడ్డకట్టే చలిలో మాత్రం నూనె చిక్కబడి కలవడానికి మొరాయిస్తుంది.

పెట్రోలులో వచ్చిన మార్పు

గత కొన్ని దశాబ్దాల్లో టూటీ ఆయిల్ మెరుగైంది. పెట్రోలు మాత్రం టూ-స్ట్రోక్‌కు ఇబ్బందిగా మారింది. కారణం ఇథనాల్. ఇందులో ఉన్న చిక్కులు మూడు. మూడోదే ప్రాణాంతకం.

మొదటిది లీన్ కావడం. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 రెట్లు చాలు, ఎందుకంటే దానిలో ఆక్సిజన్ ముందే ఉంది. 10 శాతం ఇథనాల్ ఉన్న ఈ10 పెట్రోలుకు ఆ లెక్క 14.1 దగ్గరికి దిగుతుంది. జెట్ మార్చకపోతే మిశ్రమం సుమారు 4 శాతం లీన్ అయినట్టు. నూనెను రెట్టింపు చేస్తే వచ్చే తేడా 2 శాతమే అని పైన చూశాం. నూనె పాళ్ల గురించి గంటల తరబడి వాదించి, పెట్రోలులో ఏముందో చూడకపోవడం విచిత్రం. ఈ20లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. చేతి యంత్రాల తయారీదారుల్లో ఎక్కువమంది 10 శాతం ఇథనాల్ దగ్గరే గీత గీస్తారు.

రెండోది రబ్బరు. పాత గొట్టాలు, సీళ్లు, కార్బురేటర్ డయాఫ్రాలు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, గట్టిపడతాయి, పగులుతాయి. ఆ పగులులోంచి గాలి లాగితే మళ్లీ లీనే.

మూడోది నీళ్లు. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. ఈ10 పెట్రోలు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు అర శాతం నీటిని, అంటే లీటరుకు 5 మిల్లీలీటర్లను, తనలో కలుపుకుని ఉండగలదు. ఆ హద్దు దాటినా, ఉష్ణోగ్రత బాగా పడినా, ఒక్కసారిగా విడిపోతుంది. నీళ్లూ ఇథనాలూ కలిసి బరువెక్కి అడుగుకు చేరతాయి. పైన మిగిలేది పెట్రోలు. నూనె ఎటు పోతుంది? పెట్రోలుతోనే పైన ఉండిపోతుంది. యంత్రం లాగే గొట్టం మూతి ఉండేది ట్యాంకు అడుగున. అంటే యజమాని ఎంత ఖరీదైన నూనెను ఎంత పక్కాగా కొలిచి పోసినా, ఇంజిన్ తాగేది నూనె చుక్క లేని సారాయి నీళ్లు. స్టార్ట్ కాకుండా మొరాయిస్తే అదృష్టం. అయిందంటేనే గొడవ.

ఇలా పట్టేసిన ఇంజిన్ విప్పినప్పుడు నిందించేది నూనెనే. నిజం తెలియాలంటే చూడాల్సింది క్రాంక్‌కేసు లోపల. కనెక్టింగ్ రాడ్, బేరింగులు నూనెతో తడిగా మెరుస్తూ ఉండి, గీతలు ఎగ్జాస్ట్ వైపు మాత్రమే ఉంటే నూనె అందింది, వేడి ఎక్కువైంది. అప్పుడు వెతకాల్సింది గాలి లీకు, మూసుకుపోయిన జెట్, దుమ్ము పట్టిన చల్లబరిచే రెక్కలు. లోపలంతా పొడిగా ఉంటే నూనె అందలేదు. కలపడం మర్చిపోయారా, విడిపోయిందా, పంపు ఆగిందా అన్నది తర్వాతి ప్రశ్న. క్యానులో మిగిలిన పెట్రోలును గాజు సీసాలో పోసి కాసేపు ఉంచితే అడుగున గీత కనిపిస్తుందో లేదో కూడా చూడొచ్చు.

అడిటివ్‌ల సీసాలు

ఇన్ని భయాలు ఉన్నచోట మందులు అమ్మేవాళ్లు ఉండకుండా ఎలా ఉంటారు? అడిటివ్‌లలో పనికొచ్చేవి ఉన్నాయి, ఈ ఇంజిన్‌కు పనికిరానివీ ఉన్నాయి. ఒక్కో సీసా ఏ జబ్బుకో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

స్టెబిలైజర్ పనికొచ్చే వర్గం. పెట్రోలు నిలవ ఉంటే ఆక్సిజన్‌తో కలిసి జిగురు కడుతుంది. కార్బురేటర్ సన్నని రంధ్రాలు ముందుగా దానికే బలవుతాయి. స్టెబిలైజర్‌లోని యాంటీ ఆక్సిడెంట్లు ఆ పనిని నెమ్మది చేస్తాయి. అయితే తాజా పెట్రోలులో వేస్తేనే. ఆరు నెలల పాత పెట్రోలుకు అది ప్రాణం పోయదు. విడిపోయిన ఇథనాల్‌ను మళ్లీ కలిపి మునుపటి పెట్రోలుగా మార్చే సీసా కూడా ఏదీ లేదు. అలాంటి పెట్రోలుకు ఒకటే దారి, వాడకుండా పక్కన పెట్టి సరైన చోట వదిలించుకోవడం.

ఆక్టేన్ (పెట్రోలు వేళకు ముందే అంటుకోకుండా నిలిచే గుణం) పెంచే బూస్టర్ ఎక్కువమందికి అవసరం లేనిది. సీసా మీద ఎన్ని 'పాయింట్లు' పెరుగుతాయో రాస్తారు. అమ్మేవాళ్ల భాషలో ఒక పాయింటు తరచూ ఆక్టేన్‌లో పదో వంతు మాత్రమే. పది పాయింట్లంటే ఒక్క ఆక్టేన్ అంకె. ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంటే ముందుగా పిస్టన్ తల మీది మసి, టైమింగ్, లీన్ మిశ్రమం చూడాలి. మాంగనీసు ఆధారిత బూస్టర్లు ప్లగ్ మీద ఎర్రటి పూత వదులుతాయి. దాంతో ప్లగ్ రంగు చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పే అవకాశం కూడా పోతుంది.

అన్నిటికంటే తమాషా అయినది సీసం ప్రత్యామ్నాయం. పెట్రోలులో సీసం ఉన్న కాలంలో అది ఆక్టేన్ పెంచడంతో పాటు ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ల ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లను కాపాడేది. 2021లో అల్జీరియా మానేయడంతో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు అమ్మే దేశమే లేకుండా పోయింది. పాత కార్ల కోసం ఆ లోటు తీర్చే సీసాలు వచ్చాయి. వాటిని పాత టూ-స్ట్రోక్ స్కూటర్‌లో పోసేవాళ్లూ ఉన్నారు. కాపాడటానికి అందులో ఆ వాల్వ్ సీట్లు ఉంటే కదా!

ఇంజెక్టర్ క్లీనర్లది మరో కథ. పాలీఈథర్ అమీన్ లాంటి మంచి రసాయనం ఉన్నవి కార్లలో నిజంగా పనిచేస్తాయి. కార్బురేటర్ ఉన్న టూ-స్ట్రోక్‌లో ప్రతి చుక్క పెట్రోలుతో పాటు డిటర్జెంట్ కలిసిన నూనె ఎలాగూ వెళ్తూనే ఉంది. జిగురు కట్టిన జెట్‌ను విప్పి కడగడం సీసాకంటే త్వరగా అయ్యే పని. ఇక లోహానికి పూత పూస్తామనే టెఫ్లాన్ మిశ్రమాలు, క్లోరిన్ కలిసిన మందులు దూరంగా ఉంచదగినవి. క్లోరిన్ సమ్మేళనాలు కాలితే ఆమ్లం పుడుతుంది, అది బేరింగులను తినేస్తుంది.

నిజంగా తేడా చూపించేది అడిటివ్ కాదు, వేరే ఇంధనం. ఆల్కిలేట్ పెట్రోలు అనే శుద్ధమైన పెట్రోలులో ఇథనాల్ ఉండదు, విషపూరితమైన బెంజీన్ దాదాపు ఉండదు, ఏళ్ల తరబడి నిలవ ఉన్నా జిగురు కట్టదు. మామూలు టూ-స్ట్రోక్ తాను పీల్చిన పెట్రోలులో పావు వంతు దాకా కాల్చకుండానే బయటికి వదలగలదు. రోజంతా చెయిన్‌సా పట్టుకుని ఆ పొగలో నిలబడే మనిషికి బెంజీన్ లేకపోవడం చిన్న విషయం కాదు. స్వీడన్ అడవుల్లో పనిచేసేవాళ్లు దీన్ని ముందుగా పట్టుకోవడానికి కారణం అదే. ధర మామూలు పెట్రోలు కంటే బాగా ఎక్కువ. నెలకోసారి యంత్రం బయటికి తీసేవాళ్లకు లీటర్లు తక్కువ, నిలవ కాలం ఎక్కువ కాబట్టి లెక్క కుదురుతుంది. రోజూ స్కూటర్ తోలేవాళ్లకు కుదరదు.

దీనికి ఎదురు దారిలో ప్రయాణించే అలవాటు ఒకటుంది: డీజిల్ బండిలో టూటీ ఆయిల్ కలపడం. గంధకం తీసేశాక డీజిల్ జారుడు గుణం తగ్గిందన్నది నిజమే. అయితే ఆ లోటును శుద్ధి కేంద్రాల దగ్గరే అడిటివ్‌లతో పూరిస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం అరుగుదల పరీక్షలో పడే మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. ప్రమాణానికి సరిపోయిన డీజిల్‌కు టూటీ ఆయిల్ కలిపి చేసేదేమీ లేదు. పైగా బూడిద ఉన్న నూనె అయితే కొత్త బండ్లలో పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్‌లో ఆ బూడిద శాశ్వతంగా చేరుతుంది. మసిని కాల్చగలరు, బూడిదను కాల్చలేరు.

నిలవ, మళ్లీ మొదలు

కలిపిన పెట్రోలును నెల రోజులకు మించి ఉంచకపోవడం మంచిది. వాడకానికి సరిపడా కొంచెమే కలుపుకుంటే స్టెబిలైజర్ సీసా అవసరం కూడా చాలావరకు తప్పుతుంది. క్యానుకు మూత బిగుతుగా ఉండాలి, నిండా ఉంటే ఇంకా మంచిది. ఖాళీ జాగాలో ఉండేది తేమ గాలే.

యంత్రాన్ని కొన్ని నెలలు పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజిన్ దానంతటది ఆగేదాకా ఐడ్లింగ్‌లో నడపాలి. ఆగిన తర్వాత ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో నాలుగైదు చుక్కల టూటీ ఆయిల్ వేసి, స్టార్టర్ తాడును రెండు మూడుసార్లు మెల్లగా లాగితే గోడల మీద పొర పడుతుంది. ప్లగ్ తిరిగి బిగించి, పిస్టన్ పైకి వచ్చి తాడు బరువుగా తగిలే చోట ఆపితే రంధ్రాలు మూసుకుని తేమ లోపలికి పోదు. మళ్లీ బయటికి తీసిన రోజు తాజాగా కలిపిన పెట్రోలు పోసి స్టార్ట్ చేస్తే, మొదటి రెండు నిమిషాలు పొగ దట్టంగా వస్తుంది. కంగారుపడి కార్బురేటర్ స్క్రూల జోలికి పోవద్దు. కాలుతున్నది పక్కన పెట్టేటప్పుడు వేసిన ఆ నాలుగు చుక్కలే.